దానిమ్మ గింజ రంగు

కృష్ణగిరి
12 ఆగస్టు 1984

చిరంజీవి కదిరప్పకు,

మీ మామ చెన్నరాయప్ప రాస్తున్నాడు. ఆరేళ్ళుగా మీ ఇంటికి కార్డుముక్క కూడా రాయనివాడు ఇప్పుడు రాశాడంటే ఎవరో పోయారని మీ అమ్మ హడలిపోతుంది. ఎవరూ పోలేదు. ఆ మాట ఆమెకు చెప్పి, తర్వాత మిగతాది చదువు.

పోయిన నెల కావేరిపట్టణం పెళ్ళిలో మీ అమ్మ మీ అత్త తిమ్మక్కతో అన్నదట: "మావోడు ఇనుము లోపల ఏముండాదో కంప్యూటర్లో చూస్తా ఉండాడు వదినా." మీ అత్త లెక్కలో కంప్యూటరంటే ఆసుపత్రి ఎక్స్‌రే మిషను. నాకు అంతకంటే కొంచెం ఎక్కువ తెలుసు. ఇక్కడి లైబ్రరీకి వచ్చే ఇంగ్లీషు సైన్సు పత్రికల మడత విప్పేది నేనొక్కడినే. ఉక్కు లోపల గింజలు ఎంతెంత ఉన్నాయో చూసి, అది ఎంత బరువుకు వంగుతుందో, ఎంత దెబ్బకు విరుగుతుందో లెక్కగట్టే పద్ధతులు వచ్చాయని చదివాను. నువ్వు హోసూరు కొత్త ఫ్యాక్టరీ లేబరేటరీలో ఉద్యోగం చేస్తూ, వారానికి రెండు రోజులు బెంగుళూరు పోయి చదివేది అదేనని అనుకుంటున్నాను.

అదే అయితే నీకొక పని ఉంది.

1978లో నువ్వు మద్రాసు హాస్టల్లో ఉన్నావు. మీ నాయన చెప్పిన కథే నీకు తెలిసి ఉంటుంది. నా కథ విను. ఆ మార్చిలో హోసూరులో మీ నాయనా నేనూ పనిచేసే పాత ఫ్యాక్టరీలో రెండో నంబరు హేమరుకు పిస్టన్ రాడ్డు విరిగింది. ఒకటిన్నర టన్నుల ఇనుప దిమ్మె పైకి లేచి, కాలిన ఇనుము మీద పడుతుంది కదా, ఆ దిమ్మెను మోసే రాడ్డు. కొత్తది రావడానికి మూడు నెలలన్నారు. మేనేజరు వెంకటరామప్పకు అంత ఓపిక లేదు. ఎక్కడో ఉక్కు కొనుక్కొచ్చి లేతు మిషనులో తిప్పించాడు. దాన్ని కాల్చి, నూనెలో ముంచి, పదును పెట్టింది నేను. తొమ్మిదో రోజు అది విరిగింది. కింద అచ్చు సర్దుతున్న ఆంజప్ప మీద దిమ్మె పడింది, అక్కడే పోయాడు. జవళగిరి మనిషి. నాకు తెలిసిన హేమరు పనివాళ్ళలో అంత నెమ్మదైనవాడు లేడు.

విచారణలో ఏం రాశారో తెలుసా? "ఫర్నేసు ఫోర్‌మన్ అశ్రద్ధగా, అతిగా కాల్చాడు." నన్ను ఇంటికి పంపారు. ఆ కాగితాల్లో మీ నాయన లక్ష్మణప్ప సంతకం కూడా ఉంది. చెల్లెలి మొగుడని నేను ఇంతకాలం నోరు విప్పలేదు.

నేను అతిగా కాల్చలేదు. ఆ ఉక్కు చెడ్డది. విరిగిన చోటునుంచి నిమ్మకాయంత ముక్కను టిఫిను క్యారియరు అడుగు గిన్నెలో పెట్టి గేటు దాటించాను. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే. ముక్క నీకు పంపిస్తాను. నిజం నాకు పంపించు.

వెంకటరామప్ప రిటైరవుతున్నాడు. వచ్చే ఫిబ్రవరి పదో తేదీ ఫ్యాక్టరీ ఆవరణలో సన్మానం. నేనూ వస్తాను. శాలువాల తర్వాత నీ కాగితం చదువుతాను.

తొందరలో ఉన్న
మీ మామ

&nbsp;

మూకండపల్లి, హోసూరు
26 ఆగస్టు 1984

మామకు కదిరప్ప నమస్కారాలు.

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "ఎవరూ పోలేదు" అన్న మాట దగ్గరే ఏడుపు మొదలుపెట్టింది. చేతిరాత ఏమీ మారలేదంది.

నువ్వు అనుకున్నది నిజమే, కానీ నేను చేసేది చిన్న పని. ఉక్కును ఎర్రగా కాలిస్తే లోపలి గింజల్లో పెద్దవి చిన్నవాటిని కలుపుకుంటూ పోతాయి. వేడి పెరిగేకొద్దీ, సేపు గడిచేకొద్దీ గింజ పెద్దదవుతుంది. గింజ పెద్దదైన ఉక్కు దెబ్బ తట్టుకోలేదు. ఇది నాకంటే నీకే బాగా తెలుసు. నేను చేసేదల్లా ఆ గింజల్ని కంప్యూటర్లో పెంచడం. నలభై వేల చుక్కలున్న చాప లాంటిది ఒకటి ఊహించుకో. ఒక్కో చుక్కకూ ఒక అక్షరం. పక్కపక్కన ఒకే అక్షరం ఉన్న చుక్కలన్నీ కలిసి ఒక గింజ. చుక్క తన అక్షరం వదిలి పక్కదాని అక్షరం తీసుకుంటుందా లేదా అన్నది వేడిని బట్టి పాచిక వేసినట్టు తేలుతుంది. లక్షలసార్లు. తర్వాత ఇంకో ప్రోగ్రాము ఆ గింజల కొలత తీసుకుని బలం ఎంతో చెబుతుంది.

బెంగుళూరులో రాత్రీ పగలూ క్యూ. ప్రోగ్రామును చిల్లులు పొడిచిన కార్డుల కట్టగా ఇచ్చి వస్తే మూడో రోజుకు కాగితం చేతికొస్తుంది. ఒక కార్డు తలకిందులైతే మళ్ళీ మూడు రోజులు. ఫిబ్రవరి లోపు అవుతుంది.

కానీ మామా, కంప్యూటరు సాక్షి కాదు. మనం ఏమిస్తే దానిమీదే మాట్లాడుతుంది. అందుకే అడుగుతున్నాను: ఆ రోజు రాడ్డు ఎంత వేడెక్కింది, ఎంతసేపు ఉంచావు, మీటరు ఎంత చూపింది?

అత్తకు నమస్కారాలు చెప్పు.

నీ అల్లుడు
కదిరప్ప

&nbsp;

కృష్ణగిరి
5 సెప్టెంబరు 1984

కదిరప్పకు,

ముక్కను బస్సు కండక్టరు రంగప్ప చేతికిచ్చాను. మీ అత్త పాత చీర పేలికలో చుట్టింది. "ఆరేండ్లు ఇంట్లో పెట్టుకోని పూజ చేసినావు, ఇంక పోనీ" అంది. ఆమె మాటలకు నేను జవాబివ్వను.

నీ ప్రశ్నలకు వస్తాను. రాడ్డు రెండు గంటలు ఫర్నేసులో ఉంది. వేడి 850. మీటరు ఎంత చూపిందని అడిగావు. మీటరు నాలుగు నెలలుగా చెడి ఉంది. బాగుచేయించమని మూడుసార్లు రాసిచ్చాను. వెంకటరామప్ప ఆ కాగితాలతో బీడీ అంటించుకుని ఉంటాడు. కానీ నాకు మీటరెందుకు? అది పనిచేసే రోజుల్లో కూడా నేను ముందు కంటితో చెప్పి, తర్వాత దాన్ని చూసేవాణ్ణి. రెండింటికీ పది డిగ్రీల తేడా వస్తే మీటరు చెడిందనేవాణ్ణి. విప్పి చూస్తే చెడే ఉండేది.

ఇనుము ముందు రేగుపండు రంగుకొస్తుంది. అది చాలదు. తర్వాత దానిమ్మ గింజ రంగు. అదే 850. దాన్ని దాటితే కనకాంబరం రంగు, అక్కడికి పోతే ఉక్కు పాడు. దానిమ్మ గింజ రంగు రాగానే తీసి నూనెలో ముంచాలి. ఆ రోజూ అదే చేశాను. అంతకుముందు రెండు రాడ్లకు అదే చేశాను, అవి ఏళ్ళ తరబడి పనిచేశాయి. ఇక్కడ కృష్ణగిరి క్వారీల్లో నల్లరాయి కొట్టేవాళ్ళు ఇప్పటికీ పది మైళ్ళ నుంచి వచ్చి నేను ఇంట్లో పెట్టుకున్న కొలిమిలోనే ఉలులకు పదును పెట్టించుకుంటారు. గుడ్డివాడి దగ్గరికి ఎవడూ రాడు.

ఆ రోజు గురించి అడిగావు కనుక మా ఫర్నేసు షెడ్డు గురించి ఇంకొకటి రాస్తాను, ఆ మేనేజరు ఎలాంటివాడో నీకు అర్థమవుతుంది. అందులో పుస్తకం చదివే ప్రాణి నేనొక్కడినే. రాడ్డు వేడెక్కేదాకా గంటలు గంటలు నిలబడి ఏం చెయ్యాలి? షెడ్డు పట్టపగలు కూడా గుహలా ఉండేది. అర్జీ మీద అర్జీ పెట్టి, ఆ ఫిబ్రవరిలో నా ఫర్నేసు నెత్తిమీది సిమెంటు రేకులు నాలుగు తీయించి గాజు రేకులు వేయించుకున్నాను. వెంకటరామప్ప వచ్చి పైకి చూసి, "ఏమప్పా చెన్నరాయప్పా, ఇది ఫ్యాక్టరీనా, లైబ్రరీనా?" అని పదిమందిలో నవ్వించాడు. ఆ నవ్వుకు కూడా పదో తేదీన జవాబుంది.

ఉక్కును పెళుసు చేసే గంధకం, భాస్వరం ఎంతున్నాయో ముందు చూడు. దొంగ అక్కడే దొరుకుతాడు.

మామ

&nbsp;

మూకండపల్లి
21 అక్టోబరు 1984

మామకు నమస్కారాలు.

ముక్క అందింది. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తిరిగిచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

ఒక వైపు అద్దంలా నునుపు చేసి, ఆసిడ్‌తో తుడిచి, మైక్రోస్కోపు కింద పెట్టాను. గింజలు కనిపిస్తున్నాయి. లెక్కపెడుతున్నాను. ఇంకో వైపు నుంచి గోరంత ముక్కలు నాలుగు కోశాను. వాటిని మీటరున్న ఫర్నేసులో తెలిసిన వేడికి కాల్చి, గింజలు ఎంత పెరుగుతాయో కొలుస్తాను. ఆ కొలతలతో ప్రోగ్రామును ఈ ఉక్కుకు సరిపెట్టాలి. లేకపోతే అది ఏ ఉక్కు గురించి మాట్లాడుతోందో దానికే తెలియదు.

నువ్వు చూస్తావని రెండు కాగితాలు పంపుతున్నాను. మొదటిది మొదలుపెట్టినప్పుడు, రెండోది చాలాసేపు కాల్చిన తర్వాత. ఇవి ఫలితాలు కావు, పద్ధతి ఎలా ఉంటుందో తెలియడానికి మాత్రమే.

గంధకం, భాస్వరం పరీక్షకు ఇచ్చాను. ఫలితం వచ్చాక రాస్తాను. తొందర పెట్టొద్దు మామా.

కదిరప్ప

&nbsp;

కృష్ణగిరి
18 నవంబరు 1984

కదిరప్పకు,

పోయిన నెలాఖరున ప్రధాని హత్య తర్వాతి అల్లర్లకు ఇక్కడ బస్సులు లేవు, టపా లేదు. నీ కవరు ఆలస్యంగా చేరింది.

నీ కాగితాలు నేల మీద పరిచి చూశాను. నా జన్మలో చాలా పేజీలు చదివాను, అక్షరాలు అక్షరాలను తినే పేజీ ఎప్పుడూ చూడలేదు. మొదటి దాంట్లో అన్ని అక్షరాలూ చిల్లరమల్లరగా ఉన్నాయి, సంతలో జనంలా. రెండో దాంట్లో ఒక K అరచేతంత మేర కూర్చుంది. దాని పక్కన ఒకప్పుడు ఉన్న చిన్న R ఏమైందని వెతికాను. లేదు. ఫ్యాక్టరీలో వెంకటరామప్ప పెరిగిన తీరు ఇదే. ఈ మాట నీ థీసిస్‌లో రాసుకో, నాకేమీ అభ్యంతరం లేదు.

అయితే కాగితాలు బాగున్నాయి కానీ ఉత్తరం బాగాలేదు. "తొందర పెట్టొద్దు" అన్నావు. గంధకం ఫలితానికి నెల రోజులా? మీ ఫ్యాక్టరీలో అది ఒక్క పూట పని, నాకు తెలుసు. మీ నాయన ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడన్నావు. ఏం చూశాడు, తన సంతకం కనిపిస్తుందేమోననా?

సంగతి ఏమిటో సూటిగా రాయి.

మామ

&nbsp;

మూకండపల్లి
2 డిసెంబరు 1984

మామకు,

ఫలితం ఇంకా తేలలేదు. బెంగుళూరులో మిషను పది రోజులు పనిచెయ్యలేదు. నాకు లేబరేటరీలో కూడా పని ఎక్కువగా ఉంది. ఈ సంవత్సరం కాకపోతే ఏమవుతుంది? ఆ సన్మానానికి వెళ్ళకపోతేనే మంచిదేమో, ఒకసారి ఆలోచించు. నీ ఆరోగ్యం జాగ్రత్త.

కదిరప్ప

&nbsp;

కార్డు
కృష్ణగిరి, 9 డిసెంబరు 1984

నీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అత్త, "ఆ బిడ్డ ఏందో దాస్తా ఉండాడు" అంది. అక్షరం రాని మనిషికి తెలిసింది నాకు తెలియదనుకున్నావా? ఫలితం వచ్చింది. ఉక్కు చెడ్డదని తేలింది. అది బయటపడితే ఆనాడు మీ నాయన పెట్టింది దొంగ సంతకమని తేలుతుంది. అందుకే నీ నోరు మూయించాడు. ఆయన పద్ధతే అంత, నోరు తెరవాల్సినచోట పెన్ను తెరుస్తాడు. సంతోషం. తండ్రికి తగ్గ కొడుకువి.

చెన్నరాయప్ప

&nbsp;

మూకండపల్లి
23 డిసెంబరు 1984

మామా,

కార్డు మీద రాశావు. పోస్ట్‌మన్ చదివి, నాయన చేతికిచ్చాడు. నాయన చదివి నా బల్ల మీద పెట్టి, "ఆయప్పకి నిజం రాయరా. నన్ను తిట్టేది ఆయప్పకి అలవాటే, అబద్ధం వినేది అలవాటు లేదు" అన్నాడు. రాస్తున్నాను.

ఉక్కు మంచిది. గంధకం, భాస్వరం రెండూ హద్దులోనే ఉన్నాయి. రెండుసార్లు పరీక్ష చేయించాను.

850 దగ్గర రెండు గంటలుంచితే ఈ ఉక్కులో గింజ మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. నేను కోసి కాల్చిన ముక్క అదే చెప్పింది, ప్రోగ్రామూ అదే చెప్పింది. నువ్వు పంపిన ముక్కలో గింజ దానికి నాలుగింతలు. అంత పెద్ద గింజ రావాలంటే ఎంత వేడి కావాలని వెనక్కి లెక్కకట్టాను. 960 అని వచ్చింది. నమ్మలేదు. రెండు గంటలు కాదు, నాలుగు గంటలు ఉందేమో అని వేసి చూశాను. ఆరు గంటలు వేశాను. ఉక్కు మొదట్లోనే ముతకదేమో అని వేశాను. పందొమ్మిదిసార్లు నడిపాను మామా. ఏది మార్చినా వేడి 940 కంటే కిందికి దిగలేదు. రెండో ప్రోగ్రాము ఆ గింజతో రాడ్డు ఎంత దెబ్బకు ఓర్చుకుంటుందో చెప్పింది. ఓర్చుకోవాల్సిన దాంట్లో మూడో వంతు.

ఉక్కు మంచిదని అక్టోబరులోనే తెలుసు, మిగతాది నవంబరులో తేలింది. నీకు రాయడానికి చేతులు రాలేదు. అది నా తప్పు, నాయనది కాదు.

నాయన సంతకం పెట్టిన వాంగ్మూలం నకలు ట్రంకు పెట్టెలో ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "వేడి కొలిచే మీటరు నాలుగు నెలలుగా చెడి ఉన్నది. బాగుచేయించమని చెన్నరాయప్ప మూడుసార్లు వ్రాసి ఇచ్చినాడు. అతని కన్ను తప్పు చెప్పగా నేను ఎన్నడూ చూడలేదు." అంతే. ఇది రాసినందుకే ఆ తర్వాత నాయనకు మళ్ళీ ప్రమోషను రాలేదు. నువ్వు ఆ కాగితం ఎప్పుడైనా చదివావా?

కదిరప్ప

&nbsp;

కార్డు
కృష్ణగిరి, 30 డిసెంబరు 1984

నా ముక్క నాకు పంపించు.

చె.

&nbsp;

కృష్ణగిరి
3 ఫిబ్రవరి 1985

కదిరప్పకు,

ముక్క అందింది. కోసిన చోట్ల సాన పట్టి నున్నగా చేసి పంపావు. చూశాను.

నెల రోజులు నీ మీద కోపంతో గడిపాను. నీ పద్ధతిలో తప్పెక్కడుందో రాద్దామని ఆరు పేజీలు రాశాను, చించాను. చదువుకున్నవాడికి తన తప్పు ఒప్పుకోకుండా ఉండటానికి ఎన్ని కారణాలు దొరుకుతాయో నీకు తెలియదు. ఈలోగా ఇక్కడ ఒక సంగతి జరిగింది.

క్వారీ కాంట్రాక్టరు ముత్తప్ప సంక్రాంతి తర్వాత వచ్చి, "పెద్దాయనా, ఈ చీకటి కొట్టంలో ఎట్ల పని చేస్తా ఉండావప్పా, కండ్లు పోతాయి" అని గోనె తెర విప్పించి, కరెంటు లాగించి కొలిమి నెత్తిమీద పెద్ద బల్బు పెట్టించాడు. నాకూ బాగానే ఉంది, నిప్పు ముందే కూర్చుని చదువుకోవచ్చు. వారం తిరిగేసరికి రాళ్ళవాళ్ళు ఇరవై ఉలులు తెచ్చి ముందర పోశారు. అన్నిటి మొనలూ పెట్లి ఊడిపోయాయి. ఒకడు నా మొహం మీదే అన్నాడు: "తాతకు కన్ను మందగించినట్టుండాది."

ఉలులు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని విరిగిన చోటు చూశాను. ముతక ఉప్పు కల్లులా ఉంది. ఆ ముక్క విరిగిన వైపు ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. ఆరేళ్ళు రోజూ చూసిన మొహం కదా, పోల్చుకోకుండా ఉండలేను.

మీ అత్తను స్విచ్చి దగ్గర నిలబెట్టాను. ఒక ఉలి నిప్పులో పెట్టి, బల్బు కింద దానిమ్మ గింజ రంగు వచ్చేదాకా కాల్చాను. వచ్చింది. "ఆర్పు" అన్నాను. ఆర్పింది.

కనకాంబరం.

"వెయ్యి" అన్నాను. దానిమ్మ గింజ. "ఆర్పు." కనకాంబరం. పది సార్లు వేయించి ఆర్పించాను. ఇనుము అదే, నిప్పు అదే. మీ అత్త, "ఏమయ్యా, బల్బుతో ఆటలాడుకునే వయసా ఇది?" అంటూనే ఇంకోసారి స్విచ్చి వేసింది.

వెలుతురులో కాలిన ఇనుము రంగు తక్కువగా కనిపిస్తుంది. ఇది కొలిమి పని నేర్చుకునే పిల్లవాడికి మొదటి రోజు చెప్పే మాట. అందుకే కొలిమికి గోనె తెర కడతారు. నేనూ ఇంటి కొలిమికి మొదటినుంచీ కడుతున్నాను, ఎందుకు కడుతున్నానో మరిచిపోయేంత అలవాటుగా. ఫ్యాక్టరీలో తెర అక్కర్లేదు, షెడ్డే చీకటి. ఆ చీకట్లో నా కన్ను పది డిగ్రీలు కూడా తప్పలేదు. మొదటి రెండు రాడ్లూ ఆ చీకట్లో కాల్చినవే.

ఫిబ్రవరిలో గాజు రేకులు వేశారు. మార్చిలో ఆ రాడ్డు. మధ్యలో అంతా చిల్లర పని, అవి ఎంత కాలినా ఎవరూ చావరు. రేకుల కింద నేను కాల్చిన మొదటి పెద్ద ఇనుము అదే. మధ్యాహ్నం రెండు గంటలకు. ఎండ నేరుగా ఫర్నేసు మూతి మీద పడుతోంది. ఆ రోజు నా చేతిలో ఏ పుస్తకం ఉందో కూడా గుర్తుంది. పేరు రాయను.

నువ్వు 960 అన్నావు. నువ్వు చెప్పింది సరైనదే.

మామ

&nbsp;

మూకండపల్లి
7 ఫిబ్రవరి 1985

మామకు నమస్కారాలు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నా ప్రోగ్రాములో వేడికి చోటుంది, గంటలకు చోటుంది, ఉక్కులో ఏమేం కలిశాయో దానికి చోటుంది. చూసేవాడి కంటి మీద ఎంత వెలుతురు పడుతోందో దానికి చోటు లేదు. పందొమ్మిదిసార్లు నడిపినా అది నాకు 960 అని చెప్పగలిగింది కానీ, ఎందుకు 960 అయిందో చెప్పలేకపోయింది. నువ్వు సెప్టెంబరు ఉత్తరంలోనే రేకుల గురించి రాశావు. నేను చదివి నవ్వుకుని పక్కన పెట్టాను.

నాయనకు చదివి వినిపించాను. "ఆయప్ప కన్ను తప్పు చెప్పలేదని నేను రాసింది నిజమే కదా" అన్నాడు. ఆ తర్వాత, "ఆ రేకులు ఏస్తా ఉంటే నిచ్చెన పట్టుకునింది నేనే" అన్నాడు.

పదో తేదీ ఏం చేస్తావు? వస్తే గేటు దగ్గర నేనుంటాను.

కదిరప్ప

&nbsp;

కృష్ణగిరి
17 ఫిబ్రవరి 1985

కదిరప్పకు,

పదో తేదీ నువ్వు గేటు దగ్గర సాయంత్రం దాకా నిలబడ్డావని మీ అమ్మ కబురు పంపింది. నేను నిన్ను దూరం నుంచి చూశాను. క్షమించు.

హోసూరులో బస్సు దిగి ఫ్యాక్టరీ రోడ్డు మలుపు దాకా వచ్చాను. మైకులో వెంకటరామప్పను పొగడటం అక్కడికి వినిపిస్తోంది. జేబులో నీ కాగితం ఉంది. దీంతో ఏం చదవాలి? అతను కొన్న ఉక్కు మంచిది. మీటరు బాగుచేయించలేదు, అది నిజం, అది చదవచ్చు. కానీ ఆ వాక్యం చదివితే దాని వెనకాలే ఇంకో వాక్యం చదవాలి. అది వినాల్సినవాళ్ళు ఆ పందిట్లో లేరు. వెనక్కి తిరిగి తళి మీదుగా పోయే బస్సెక్కి జవళగిరిలో దిగాను.

ఆంజప్ప భార్య సుబ్బక్క ఇంటి ముందు చింతకాయలు కొడుతోంది. "ఎవురప్పా?" అంది. "చెన్నరాయప్పను. ఫర్నేసు చెన్నరాయప్పను" అన్నాను. సుత్తె ఆగలేదు. "కూర్చో" అంది. నేల మీద కూర్చున్నాను.

ఉన్నదంతా చెప్పాను. రంగు, రేకులు, బల్బు, నీ లెక్క. గింజ సంగతి ఆమెకు ఎలా చెప్పాలో తెలియక చింతగింజలు చూపించి చెప్పాను. వింటూనే కొడుతోంది. చివర అడిగింది:

"ఆ గాజు రేకులు ఏపిచ్చింది నువ్వా?"

"నేనే."

"అవి ఏసిన పొద్దు మా ఇంటాయన ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసునా? ఇంక పట్టకారు యాడుండాదో తడుముకునే పని లే, ఎవురో మారాజు షెడ్డుకి వెలుతురు తెప్పిచ్చినాడు అన్నాడు." సుత్తె పక్కన పెట్టి మొదటిసారి నా మొహం చూసింది. "ఆ మారాజు నువ్వేనా."

తలూపాను.

"తెలిసి చేసినావా?"

"లేదమ్మా."

"మరి ఆరేండ్లు యాడికి పోయినావప్పా? బస్సు ఉండాది కదా."

ఆరేళ్ళు నేను వెంకటరామప్పతో యుద్ధంలో ఉన్నాను. మీ నాయనతో ఉన్నాను. ఉక్కు అమ్మినవాడితో ఉన్నాను, వాడి మొహం కూడా చూడలేదు. పోయింది ఆంజప్ప అయితే నేను నా పేరు కోసం ఏడ్చాను. ఇదంతా ఆమెకు చెప్పలేదు. "రావాల్సింది" అన్నాను.

లేచేటప్పుడు లోపలికి పోయి ఒక కొడవలి తెచ్చింది. "పదును నిలవడంలే. రెండు కోతలకే మెత్తబడతా ఉండాది. కాల్చి పదును పెట్టియ్యి" అంది. చేతులు చాచడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆమె కొడవలి అలాగే పట్టుకుని నిలబడింది. చేతిలో పెట్టి, "ఎవురితోనో పంపొద్దు. నువ్వే తేవాల" అంది.

అందుకే ఈ ఉత్తరం. బల్బు పీకించి ముత్తప్పకు తిరిగిచ్చాను, గోనె తెర మళ్ళీ కట్టాను. అయినా నా కన్ను మీద నాకు ఇప్పుడు పాత నమ్మకం లేదు, అది మంచిదేనేమో. నీ లేబరేటరీలో చేత్తో పట్టుకునే మీటరు ఉంటే, ఒక ఆదివారం తీసుకుని రా. తెర వెనక నేను కంటితో చెబుతాను, నువ్వు మీటరుతో చెప్పు. తేడా ఎంతో రాసుకుందాం. తెర తీసి ఇంకోసారి చూద్దాం, అదీ రాసుకుందాం. నీ ప్రోగ్రాములో దానికి చోటు చేయగలవేమో చూడు.

మీ నాయనను కూడా తీసుకురా. ఇన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, ఆయన రాసిన మూడు వాక్యాలు ఆరేళ్ళు చదవలేదు. ఆ మాట ఆయనకు ఉత్తరంలో రాయను, ఎదురుగా చెబుతాను. మీ అత్త ఇప్పటినుంచే రాగులు విసురుతోంది.

సుబ్బక్క కొడవలి గోడకు వేలాడుతోంది. మీరు వచ్చేదాకా నిప్పులో పెట్టను.

ఎదురుచూస్తూ,
చెన్నరాయప్ప మామ